వదిలేసిన లెవెల్ ఎడిటర్‌కు వారసులెవరు?

2000 తర్వాతి పదేళ్లలో నాందేడ్ నెట్ సెంటర్లలో పెరిగిన పిల్లలకు ప్రాజెక్ట్ ఐజీఐ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నగరంలోని వజీరాబాద్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడినవాళ్లు, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ లాంటి తెలుగు మాట వినబడే ఊళ్లలో అన్నయ్య తెచ్చిన సీడీతో ఆడినవాళ్లు ఇప్పుడు సంసారాల్లో పడిపోయారు. నార్వే సంస్థ ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారుచేసిన ఆ ఆటను ఐడోస్ కంపెనీ 2000లో విడుదల చేసింది. డేవిడ్ జోన్స్ అనే ఏజెంటు ఒంటరిగా శత్రు స్థావరంలోకి దూరాలి. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. ఆఖరి గేటు దగ్గర తూటా తగిలినా మళ్లీ మొదటి నుంచే ఆడాలి. మొత్తం 14 మిషన్లు. ఏ మలుపులో ఏ సైనికుడు నిలబడి ఉంటాడో కంఠతా వచ్చేశాక ఆటగాడికి మిగిలే కోరిక ఒక్కటే: పదిహేనో మిషన్ కావాలి.

2003లో రెండో భాగం వచ్చింది. ఆ ఏడాదే ఇన్నర్‌లూప్ మూతపడింది. 2019లో ఐజీఐ ఆరిజిన్స్ పేరుతో వేరే సంస్థ కొత్త ఆటను ప్రకటించి ఆశ పుట్టించింది గానీ ఆ ఆట జనం చేతికి రాలేదు. కంపెనీ ఇవ్వని మిషన్‌ను అభిమానులే కట్టుకోవాలి. దానికి కావలసిన పనిముట్టు లెవెల్ ఎడిటర్. భవనాలు ఎక్కడ ఉండాలి, కాపలా ఎంతమంది, అలారం ఏ గోడ మీద, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఇవన్నీ మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్. ఐజీఐకి అలాంటివాటిని అభిమానులు తయారుచేశారు. వేరే ఎన్నో ఆటలకూ చేశారు. వాటిలో చాలా భాగం సగంలో ఆగిపోయాయి.

అలా ఆగిపోయిన ఎడిటర్ గతి ఏమిటి? దాన్ని ఎవరు, ఏ హక్కుతో, ఏ ఆధారంతో అందుకోగలరు? ఈ ప్రశ్నకు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చూశాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెబుతాను. చేసినవాడు మానేసినంత మాత్రాన ఎడిటర్ చావదు. తాను కనిపెట్టిన సంగతులు రాసిపెట్టకుండా మానేస్తే చస్తుంది.

ఇందుకు కారణం ఎడిటర్ లోపలి పనిలోనే ఉంది. ఐజీఐనే తీసుకుందాం. మిషన్ల సమాచారం ఆట ఫోల్డర్‌లో లెవెల్ వారీగా ఉంటుంది. ప్రతి భవనం, ప్రతి సైనికుడు, ప్రతి తుపాకీ స్క్రిప్టులో ఒక టాస్క్. దానికి ఒక స్థానం, ఒక కోణం, ఒక మోడల్ గుర్తు. ఆ స్క్రిప్టు మనిషి చదవగలిగే రూపంలో ఉంటే దాన్ని క్యూఎస్‌సి అంటారు. కంపైల్ చేస్తే క్యూవీఎం అవుతుంది. ఆట చదివేది ఈ రెండోదాన్నే. కాబట్టి ఎడిటర్ చేసేవాడు ముందు క్యూవీఎంను విప్పి క్యూఎస్‌సిగా మార్చగలగాలి, కావలసిన చోట మార్పులు చేయాలి, తిరిగి ఆట ఒప్పుకునేలా క్యూవీఎం కట్టాలి. ఈ దారి ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. ఒక్కొక్క బైటు మార్చి, ఆట నడిపి, ఏం మారిందో చూసి, కూలిపోతే మళ్లీ మొదలుపెట్టి తెలుసుకోవాలి.

కావలి గోపురాన్ని పది అడుగులు జరపడం సులువు. సైనికుణ్ణి కొత్త చోట నిలబెట్టి నడిపించడం కష్టం. అతని బుద్ధి వేరే స్క్రిప్టులో ఉంటుంది. అతను నడవగలిగే దారులు గ్రాఫ్ అనే వేరే ఫైలులో బిందువులుగా, వాటిని కలిపే గీతలుగా ఉంటాయి. ఏ సైనికుడు ఏ గ్రాఫ్‌కు చెందినవాడో తప్పుగా రాస్తే అతను రాయిలా నిలబడిపోతాడు. ఇది తెలియక ఎంతమంది తమ మొదటి మిషన్‌ను మధ్యలో పారేశారో ఊహించుకోవచ్చు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఫైళ్లను ముట్టకుండా, ఆట నడుస్తుండగానే దాని మెమరీలోని అంకెలను మార్చడం. మార్పు వెంటనే తెర మీద కనిపిస్తుంది కాబట్టి ఇది ఆకర్షణీయం. అయితే మెమరీలో ఏ చిరునామాలో ఏముందన్నది ఆట తాలూకు ఒక్క వెర్షన్‌కే నిజం. వేరే ప్రాంతంలో అమ్మిన సీడీ అయినా, ప్యాచ్ వేసిన కాపీ అయినా లెక్క తప్పుతుంది. పైగా ఇంకో ప్రోగ్రామ్ మెమరీలో చేయి పెట్టే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా యాంటీవైరస్ అనుమానిస్తుంది. ఈ పద్ధతి మీద కట్టిన ఎడిటర్లు తొందరగా పాడవుతాయి. చేసినవాడు దగ్గరుండి కాపాడుకున్నంత కాలమే అవి పనిచేస్తాయి.

ఇప్పుడు ఈ చరిత్రకు మొదలు ఎక్కడో చూద్దాం. 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డికి ఎడిటర్‌ను దాని కంపెనీ ఐడి సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదు. బిల్ కిర్బీ అనే అభిమాని మ్యాప్‌ఎడిట్ తయారుచేశాడు. అభిమానుల ఉత్సాహం చూసిన ఐడి, 1993 డిసెంబరులో డూమ్ విడుదల చేసినప్పుడు ఆట ప్రోగ్రామ్‌ను ఒకవైపు, మ్యాపులు, బొమ్మలు, శబ్దాలను వ్యాడ్ అనే ఫైలులో ఇంకోవైపు పెట్టింది. అసలు ప్రోగ్రామ్‌ను ముట్టకుండానే సొంత మ్యాపు పెట్టుకోవచ్చన్నమాట. ఐడి ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కావాలని తీసుకున్న నిర్ణయం ఇది.

దాదాపు నెలన్నరకే, 1994 జనవరి చివర్లో, డీఈయూ అనే ఎడిటర్ వచ్చేసింది. న్యూజిలాండ్‌లో ఉన్న బ్రెండన్ వైబర్, బెల్జియంలో ఉన్న రఫాయెల్ కినె దాని వెనుక ప్రధానంగా పనిచేశారు. ఆ ఏడాదే మాట్ ఫెల్ అనే అభిమాని డూమ్ ఫైళ్ల లోపలి అమరికను బైటు బైటుగా వివరిస్తూ ఒక అనధికార వివరణ పత్రం రాశాడు. ఎడిటర్ రాసినవాళ్ల పేర్లు అందరికీ గుర్తుంటాయి, ఈ పత్రం రాసినవాడి పేరు తక్కువమందికి తెలుసు. నా లెక్కలో మాత్రం ఆయన చేసిందే పెద్ద పని. భూమి దున్నినవాడు ఊరు విడిచిపోయినా పహాణీ ఉంటే హద్దులు దొరికినట్టు, ఆ పత్రం ఉన్నందువల్ల తర్వాత వచ్చిన ప్రతి ఎడిటర్‌కూ మొదటి ఏడాది శ్రమ తప్పింది.

డీఈయూ రచయితలు తమ దారిన తాము వెళ్లారు. అది డాస్ ప్రోగ్రామ్. ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు. కానీ వాళ్లు సోర్స్ కోడ్ బయటపెట్టి వెళ్లారు. దాని మీద ఆండ్రే మజొరెల్ లినక్స్, యూనిక్స్‌ల కోసం యాడెక్స్ కట్టాడు. యాడెక్స్ నెమ్మదించాక ఆండ్రూ ఆప్టెడ్ దాని నుంచి యురేకా తీశాడు. 1994లో రాసిన కోడ్ వంశం 21వ శతాబ్దంలోనూ కొనసాగింది.

ఇంకో శాఖ దీనికంటే బలమైనది. 2003లో పాస్కల్ వాన్ డెర్ హైడెన్ డూమ్ బిల్డర్ తెచ్చాడు, 2009లో దాని రెండో రూపం వచ్చింది. ఆయన ఆపేశాక మ్యాక్స్‌ఎడ్ అనే మారుపేరు గల అభిమాని జీజెడ్‌డూమ్ బిల్డర్‌గా పెంచాడు. అతనూ వెళ్లిపోయాడు. అప్పుడు మరొకరు దోషాలు సరిచేసే శాఖగా నిలబెట్టారు. అది ఇప్పుడు అల్టిమేట్ డూమ్ బిల్డర్ పేరుతో నడుస్తోంది. ఇంతమంది వదిలేసినా ఎక్కడా తెగలేదు. మొదటివాడు జీపీఎల్ లైసెన్సు కింద కోడ్ ఇచ్చాడు, అందువల్ల తర్వాతివాడు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఒకరి ఉత్సాహం తగ్గిన చోట ఇంకొకరి ఉత్సాహం మొదలైంది. ఇందులో ఎవరికీ సిగ్గుపడాల్సిన అవసరం లేదు.

కంపెనీ కొనేయడం వల్ల బతికినవీ ఉన్నాయి. క్వేక్ కోసం బెన్ మోరిస్ 1996లో వరల్డ్‌క్రాఫ్ట్ రాశాడు. వాల్వ్ దాన్ని కొనుక్కుని, దానితోనే హాఫ్ లైఫ్ మ్యాపులు కట్టింది. తర్వాత దాని పేరు హ్యామర్ అయింది. మన దగ్గర లాన్ కట్టిన ప్రతి నెట్ సెంటర్‌లోనూ మోగిన కౌంటర్ స్ట్రైక్‌లో డస్ట్ అనే మ్యాపును ఇంగ్లండ్‌లో డేవ్ జాన్‌స్టన్ అనే టీనేజీ కుర్రాడు 1999లో తయారుచేశాడు. ఒక అభిమాని చేసిన పనిముట్టు, ఇంకో అభిమాని చేతిలో, ప్రపంచమంతా తిరిగిన ఇసుక రంగు వీధులు అయ్యింది. ఎడిటర్ల విలువ ఏమిటని అడిగేవాళ్లకు నేను చూపించేది ఇదే.

మూసిన కోడ్‌తోనే పాతికేళ్లుగా బతుకుతున్న ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. సూపర్ మారియో వరల్డ్ ఆటకు 2000లో వచ్చిన లూనార్ మ్యాజిక్‌కు ఫుసోయా అనే మారుపేరుతో ఒకే వ్యక్తి కొత్త వెర్షన్లు తెస్తూ వచ్చాడు. కోడ్ బయటికి ఇవ్వలేదు. అతని నిష్ఠకు నమస్కరించాల్సిందే. కానీ వేలమంది కట్టిన లెవెళ్లు ఒక మనిషి ఓపిక మీద ఆధారపడి ఉండటం భయపెట్టే విషయం. అలాంటి నిష్ఠ అందరి దగ్గరా ఉండాలని ఆశించడం అన్యాయం కూడా.

నాందేడ్ లాంటి ఊళ్లో ఆ మాట మరీ నిజం. ఇది కోచింగ్ క్లాసుల ఊరు. పదకొండో తరగతిలో సరదాగా మొదలుపెట్టిన ప్రాజెక్టు నీట్, జేఈఈ, సీఈటీ పరీక్షల ముందు నిలవదు. 1981లో మొదలైన విష్ణుపురి ఇంజినీరింగ్ కాలేజీలోనో, స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయం పరిధిలోని ఏదో డిగ్రీ కాలేజీలోనో చేరాక కాస్త తీరిక దొరికితే ఎడిటర్ రెండో వెర్షన్ వస్తుంది. మూడో వెర్షన్ నాటికి క్యాంపస్ ఇంటర్వ్యూలు, తర్వాత పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి వచ్చినవాడిని, నీ ఎడిటర్‌లో ఏడో మిషన్ తెరుచుకోవడం లేదని నిలదీసే హక్కు ఎవరికీ లేదు. డబ్బు తీసుకోకుండా ఇచ్చిన పని అది. ఉన్నంతకాలం ఇచ్చాడు, చాలు.

మనిషి సంగతి అలా ఉంటే కాలం సంగతి ఇంకోలా ఉంటుంది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. దానిలో రాసిన పనిముట్లు అక్కడే ఆగాయి. ఫైళ్లు దాచిన చోట్లూ పోయాయి. జియోసిటీస్ 2009లో, ర్యాపిడ్‌షేర్ 2015లో, గూగుల్ కోడ్ 2016లో మూతపడ్డాయి. ఎడిటర్ ఉందని అందరికీ గుర్తుంటుంది, దించుకునే చోటు మాత్రం ఉండదు. మూసిన కోడ్ విషయంలో ఇది పూర్తి మరణం. ఆఖరి కాపీ ఎవరి పాత హార్డ్ డిస్కులోనో ఉండిపోతుంది.

మనవాళ్లకు బాగా తెలిసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఇందుకు విరుగుడు చూపించింది. జోర్డాన్ మెక్నర్ 1989లో యాపిల్ 2 కోసం తెచ్చిన ఆట అది. డాస్ రూపం మరుసటి ఏడాది వచ్చింది, మన బడుల్లోని పాత కంప్యూటర్ల మీద కూడా పరిగెత్తింది. ఒక లెవెల్‌లో 24 గదులు, ఒక్కో గదిలో పది నిలువు వరసలు, మూడు అంతస్తులు, అంటే 30 పలకలు. మొత్తం 720 పలకలు. ముళ్లు, తెరుచుకుని మూసుకునే కత్తి, ఊడిపడే పలక, తలుపు తెరిచే మీట, అన్నీ ఈ 720 గళ్లలోనే. ప్రిన్సెడ్ అనే అభిమానుల బృందం ఈ ఫైళ్ల అమరికను పూర్తిగా వివరిస్తూ పత్రం తయారుచేసింది. రూమ్‌షేకర్ అనే పాత ఎడిటర్ వెనకబడ్డా, ఎపొప్లెక్సీ అనే కొత్తది నిలబడింది. ఇక 2012లో మెక్నర్ తండ్రికి ఇంట్లో పాత ఫ్లాపీలు దొరికాయి, వాటిలోని అసలు సోర్స్ కోడ్‌ను మెక్నరే బయటపెట్టాడు. అభిమానులు రాసిపెట్టినదాని పక్కన రచయిత రాసినది పెట్టి పోల్చుకునే భాగ్యం ఏ ఆటకైనా అరుదు. ఎడిటర్ ఎలా రాయాలో నేర్చుకోదలచిన విద్యార్థికి నేను మొదట చూపించేది ఈ ఆటనే. 720 గళ్లను ఒక కాగితం మీద గీసుకోవచ్చు.

ఇది వీడియో గేములకే పరిమితమైన సంగతి అనుకోకూడదు. తెలుగు కంప్యూటర్ చరిత్రలోనూ ఇదే జరిగింది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి సొంత ఫాంటు, సొంత అక్షర సంకేతాలు వాడిన రోజుల్లో, ఆ సంకేతాలను శోధించి యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పొడిగింపును నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ కోసం రాశారు. ఎవరూ పుస్తకం ఇవ్వని ఫార్మాట్‌ను చూసి తెలుసుకుని పట్టిక కట్టడమే అది, డూమ్ వ్యాడ్‌ను విప్పడం లాంటి శ్రమే. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా పొడిగింపులకు కాలం చెల్లింది. కానీ పద్మ కోడ్ స్వేచ్ఛగా ఉంది. దాని ఆధారంగా వీవెన్ 2006లో కట్టిన లేఖిని అనే టైపింగ్ పనిముట్టులో ఎంతమంది తెలుగువాళ్లు తమ మొదటి యూనికోడ్ వాక్యం రాసుకున్నారో! పద్మ పేరు తెలియనివాళ్లు కూడా దాని ఫలం తిన్నారు.

ఇక హక్కుల ప్రశ్న. అభిమానులు దీన్ని తప్పించుకు తిరుగుతారు, తిరగకూడదు. రెండు రకాల హక్కులు కలగలిసి ఉంటాయి. ఆట మీద కంపెనీ హక్కు ఒకటి, ఎడిటర్ మీద దాన్ని రాసినవాడి హక్కు ఇంకొకటి.

మొదటిదాని విషయంలో మన చట్టం చదవదగ్గది. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, 1999 సవరణ తర్వాత, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చట్టబద్ధంగా పొందినవాడికి కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది. దాని పనితీరును గమనించి, పరీక్షించి, వెనుక ఉన్న ఆలోచనను తెలుసుకోవచ్చు. తాను విడిగా రాసిన ప్రోగ్రామ్ దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరే చోట సులువుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టడానికి అవసరమైన పని చేయవచ్చు. ఫైల్ ఫార్మాట్‌ను తెలుసుకునే విద్యార్థికి ఇది అండ. అయితే 'చట్టబద్ధంగా పొందినవాడు' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. దొంగ కాపీ మీద కూర్చుని ఈ సెక్షన్ చెప్పుకోలేం.

అమెరికా కోర్టుల్లో రెండు సంగతులు హెచ్చరికగా ఉన్నాయి. డ్యూక్ న్యూకెమ్ 3డికి అభిమానులు కట్టిన 300 లెవెళ్లను మైక్రో స్టార్ అనే సంస్థ సీడీలో పెట్టి అమ్మితే, 1998లో అప్పీలు కోర్టు దాన్ని ఆటకు కొనసాగింపుగా, అనుమతి లేని సృష్టిగా లెక్కగట్టింది. ఆ ఆటతో పాటు ఎడిటర్‌ను ఇచ్చింది ఆట తయారీదారులే అయినా సరే. ఇక జీటీఏ 3, వైస్ సిటీల కోడ్‌ను తిరగరాసిన అభిమానుల మీద టేక్ టూ సంస్థ 2021లో దావా వేసింది. ఈ రెండింటి నుంచి నాకు అర్థమైంది ఇది: ఆట ఫైళ్లను ఎడిటర్‌తో కలిపి పంచకూడదు, డబ్బుకు అమ్మకూడదు. ఆట ఉన్నవాడి దగ్గరే పనిచేసేలా ఎడిటర్ కట్టాలి. డీఈయూ వాళ్లు 1994లోనే ఐడి కోరిక మన్నించి, డబ్బు కట్టి కొన్న డూమ్ మీద మాత్రమే పనిచేసేలా తమ ఎడిటర్‌ను ఉంచారు. ఆ మర్యాద వల్లే కంపెనీ వాళ్లకు అడ్డు రాలేదని నేను నమ్ముతాను.

రెండో హక్కును మనవాళ్లు దాదాపు పట్టించుకోరు. కోడ్ అందరికీ కనబడేలా పెట్టి, లైసెన్సు రాయకుండా వెళ్లిపోయినవాడు దాన్ని ఎవరికీ ఇవ్వనట్టే. చట్టం దృష్టిలో సర్వహక్కులూ అతనివే. ఫోన్ నంబరు మారిపోయి, మెయిలుకు జవాబు రాకపోతే వెనకాల వచ్చినవాడు ఆ కోడ్‌ను చూడగలడు గానీ వాడలేడు. ఒక్క చిన్న లైసెన్సు ఫైలు లేనందువల్ల ఎన్ని పనిముట్లు ఇలా గాజుపెట్టెలో ఉండిపోయాయో. మన చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం రచయిత బహిరంగ ప్రకటనతో తన హక్కును వదులుకోవచ్చు కూడా, 2012 సవరణ ఆ దారిని సులువు చేసింది. ఉద్యోగంలో చేరే ముందు రోజు అరగంట కూర్చుంటే అయ్యే పని ఇది.

కాబట్టి కోడ్, అనుమతి, ఫార్మాట్ వివరణ, ఈ మూడింటిలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి? చాలామంది కోడ్ అంటారు. నేను వివరణ అంటాను. కోడ్ ఒక భాషలో, ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉంటుంది, ఆ రెండూ పోతాయి. లెవెల్ ఫైలులో ఫలానా బైటు సైనికుడి కోణం అన్న నిజం మాత్రం ఆట ఉన్నంతకాలం మారదు. ఎక్కడ తెలియదో అక్కడ తెలియదని రాసినా మేలే. తర్వాతివాడు వెతకాల్సిన చోటు అదేనని తెలుస్తుంది.

కాలేజీలు ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉంది, చేస్తున్నది తక్కువ. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అనగానే లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని అవే శీర్షికలు తిరుగుతుంటాయి. వాటి బదులు, వదిలేసిన ఒక ఎడిటర్‌ను అందుకుని, దాన్ని ఇప్పటి విండోస్ మీద నడిపించి, దాని ఫార్మాట్‌ను పత్రంగా రాయడాన్ని ప్రాజెక్టుగా ఒప్పుకోవచ్చు. ఇతరుల కోడ్ చదవడం, డీబగ్గర్ పట్టడం, బైనరీ ఫైలు విప్పడం, లైసెన్సు అర్థం చేసుకోవడం, ఉద్యోగంలో మొదటి రోజు నుంచే పనికొచ్చే ఈ నాలుగూ అందులోనే వస్తాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం 2005 నుంచి విద్యార్థులతో పనిచేస్తోంది. రైలెక్కితే నాందేడ్ నుంచి అది ఒక రాత్రి దూరం కూడా కాదు. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ పాత దారిలో ఇలాంటి పనులూ అటూ ఇటూ తిరగొచ్చు.

విష్ణుపురిలోనో బాసర ట్రిపుల్ ఐటీలోనో దీన్ని ఎత్తుకునేవాళ్లు ఉంటే, నేనైతే ఐజీఐ గ్రాఫ్ ఫైలుతో మొదలుపెట్టమంటాను. సైనికుడు నడిచే బిందువులు ఏ వరసలో ఉంటాయి, రెండు బిందువులను కలిపే గీత ఎలా రాసి ఉంటుంది, మెట్ల దగ్గర, తలుపు దగ్గర ఆ బిందువుకు ఏ అదనపు గుర్తు ఉంటుంది, వీటిని మొదటి మిషన్ రైల్వే యార్డు మీద పరీక్షించి, పటాలతో సహా రాయాలి. ఇంగ్లీషులో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి, మరాఠీలో ఒక ప్రతి. మొదటి పేజీలోనే లైసెన్సు.